నా కంచం నేనే పట్టుకుపోయిన శుక్రవారం

సౌదీలో, దమ్మామ్‌లోని మా లేబర్ క్యాంపులో ఏడాదికొక శుక్రవారం ఆఫ్రికావాళ్ళ రోజు. సూడాన్, ఘనా, ఎరిత్రియా మనుషులంతా మెస్‌లో చేరి, ఖాళీ పెయింటు డబ్బాల మీద దరువేస్తూ తమ జాతి కథ చెప్పుకునేవారు. నాతో జోడీగా పనిచేసే వెల్డర్ సూడాన్ మనిషి. ఆ ఏడు నన్నూ రమ్మన్నాడు. తెలుగువాళ్ళలో పిలుపు అందింది నాకొక్కడికే. మా రూమువాళ్ళు వాళ్ళను రంగుతో తప్ప పేరుతో పిలిచి ఎరుగరు మరి.

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చంకలో నా స్టీలు కంచం పెట్టుకుని వెళ్ళాను.

ఒక ముసలి మేస్త్రీ లేచి, తన ముత్తాతను సంతలో పశువుకు చూసినట్టు పళ్ళు చూసి బానిసగా అమ్మిన సంగతి అరబ్బీలో చెప్పాడు. నా జోడీ దాన్ని నా చెవిలో, క్యాంపులో నేర్చిన హిందీలో చెప్పాడు. దొర గడిలో వెట్టి చేసిన మా తాత గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు. ఆ దేశంలో మొదటిసారి నావాళ్ళ మధ్య కూర్చున్నట్టనిపించింది.

తర్వాత పెద్ద తాంబాళంలో అన్నం, మాంసం వచ్చాయి. పదిమంది చుట్టూ కూర్చుని అందులోనే చేతులు పెట్టారు. నా జోడీ పక్కకు జరిగి చోటిచ్చాడు. నేనేమో కంచం ముందుకు చాపాను. అతను నా కంచం వైపు చూశాడు, తన చేతి వైపు చూసుకున్నాడు. కంచంలో వడ్డించాడు.

నా బుద్ధి గడ్డి తిన్నది. మా ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మావాళ్ళు కంచాలు వెంట తీసుకుపోయి దూరంగా కూర్చోవాల్సిందే. మేము ముట్టిన గిన్నె ఇంకొకరు ముట్టరు. "కంచం మరువకు బిడ్డా" అని అమ్మ గడప దాకా వచ్చి చెప్పేది. ఆ అలవాటే నాతో విమానమెక్కింది. అతనేమో నల్లవాళ్ళ ఎంగిలి నాకు గిట్టదనుకున్నాడు.

చెప్పేయాలని ఏడాదంతా అనుకున్నాను. హిందీ రాక కాదు, సిగ్గు. అంటరానివాడినని నా నోటితో నేనెలా చెప్పుకోను? పని దగ్గర అతను మర్యాదగానే ఉన్నాడు. ఆ మర్యాదే నన్ను తినేసింది. అంతలో, ఇంతమంది సౌదీలకు కొలువివ్వాలనే నితాఖత్ లెక్క తప్పి మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. పరాయి పనివాడికి ఇంతని కట్టే లెవీ భారం కూడా తోడై, మేము ఆ దేశంలో ఉండేందుకిచ్చే ఇఖామా కార్డుల రెన్యువల్ ఆగిపోయింది. నేను వేరే సైటులో ఉన్న వారంలో కార్డు గడువు తీరిన అతనికి ఎగ్జిట్ వీసా కొట్టి వాళ్ళ దేశం పంపేశారు.

మళ్ళీ ఆ శుక్రవారం వచ్చింది. ఈసారి వట్టి చేతులతో వెళ్ళి తాంబాళం దగ్గర కూర్చున్నాను. ముసలి మేస్త్రీ భుజం తట్టి నన్ను లేపాడు. కాగితంలో చుట్టిన కొత్త స్టీలు కంచం చేతిలో పెట్టి, వచ్చీరాని హిందీలో అన్నాడు.

"నీ దోస్తు పోయేముందు కొనిపెట్టాడు. నువ్వు మాతో కలిసి తినలేవట. ఇబ్బంది పెట్టొద్దన్నాడు."

అప్పటికే గోడవారగా నా ఒక్కడికీ చాప వేసి ఉంది.