రిపోర్టు చూశాక జరిగిన డిస్క్

ఇవాళ తెలంగాణ బంద్. బస్సుల్లేక అన్నను సిరిసిల్ల నుంచి జగిత్యాలకు బండి మీదే తీసుకుపోయాను. ధర్నాల్లో నినాదాలిచ్చీ ఇచ్చీ అతని దవడ పట్టేసింది. నెల రోజులుగా నోరు సగమే తెరుచుకుంటోంది. కరీంనగర్ డాక్టరు ఎంఆర్ఐ తీయించి, దవడ కీలులో డిస్క్ పక్కకు జరిగిందని, ఆపరేషన్ చేయాలని రిపోర్టు రాసిచ్చాడు. దానికి ముందు ఇంకో డాక్టరుకు కూడా చూపిద్దామనే ఈ ప్రయాణం.

అన్న సాంచెల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో గుడ్డ చెకింగ్ చేస్తాడు. అక్కడ ఒకరు లోపాల దగ్గర పెట్టిన సుద్ద గుర్తులు తుడిచేశాకే ఆ గుడ్డను రెండో మనిషికి చూపిస్తారు. ఆ అలవాటు కొద్దీ రిపోర్టును జేబులో దాచి, జగిత్యాల డాక్టరుకు ఫిల్ములు మాత్రమే ఇచ్చాడు.

ఆయన వాటిని లైటుకు పెట్టి చాలాసేపు చూశాడు. "డిస్క్ మంచిగనే ఉన్నది. పాత రిపోర్ట్ లేదా?" అన్నాడు.

అన్న జేబులోంచి తీసి ఇచ్చాడు. అది చదివి ఆయన మళ్ళీ ఫిల్ము వైపు తిరిగాడు. "ఆఁ, గీడ జర జరిగినట్టే ఉన్నది. ఆపరేషన్ చేయించుకుంటేనే మంచిది."

"ఫిల్ము గదే గద సార్! కాయితం సూడంగనే డిస్క్ ఎట్ల జరిగింది?" అని అన్న అడిగాడు.

డాక్టరు బెల్లు కొట్టి తర్వాతి పేషెంటును పిలిచాడు.

బయటికొచ్చాక అన్న అన్నాడు: "గుర్తు సూసి గుడ్డ సూసెటోన్ని మా సేటు ఒక్క పూట గూడ ఉంచుకోడు తమ్మీ."

మీకు తెలిసిన డాక్టరెవరైనా ఉంటే చెప్పండి. ఫిల్ము చూసే మనిషై ఉండాలి. రిపోర్టు చదవడం మాకూ వచ్చు.