ఉరికే ఇంట్ల గాజుల సప్పుడు

నవ్వేటోళ్లు ముందుగాల్నే నవ్వుకోండ్రి. నడుమల నవ్వితే నేను చెప్ప. మొన్న బేస్తారం నాడు, మిట్ట మధ్యాహ్నం, మూసి నడుమ మోటర్ల నా పెండ్లాన్ని ఒక్కదాన్నే ఇడిసిపెట్టి ఒడ్డుకు ఉరికిన. అవ్, నేనే. రజాకార్ల జమానల సుత ఊరు ఇడిసి పోనోణ్ణి. ఎట్లయిందో మొదటికెళ్లి చెప్త, చాయ సల్లారకముందే ఇనుండ్రి.

కుట్టుమిషన్లు బాగుజేసుడు నా పని. సూర్యాపేటల దుకాణం పెట్టుకొని కూసుంటే మిషన్లు నడిసి రావు గదా, ఊరూరికి నేనే పోవాలె. బస్సు మీద సామాను పెట్టె ఎక్కించి దించి నా నడుం పోయింది. లడాయి అయిపోయినంక సికింద్రాబాదుల మిలిటరోళ్లు పాత బండ్లు అమ్ముతుంటే ఒక చిన్న వ్యాను తెచ్చిన. పోలీస్ యాక్షన్ గడబిడ సల్లబడెదాంక దాన్ని గడ్డివాము ఎనుక దాసిపెట్టిన. పోయినేడు బయటికి తీసి, వడ్లాయనతోని లోపట ఒక బల్ల కొట్టించిన. పగలు బల్ల మీద మిషన్లు ఇప్పుత, పొద్దుగూకితే దాని మీదనే పండుకుంట. వంటకు పంపు స్టవ్వు, నీళ్లకు పీపా, కిటికీకి పరదా, ఎనుక తలుపుకు రెండు మెట్లు. జనం దాన్ని ఉరికే ఇల్లు అంటరు.

పెండ్లయి ఆర్నెల్లాయె. సుగుణది మిర్యాలగూడ. నేను నెలల ఇరవై దినాలు తొవ్వ మీదనే ఉంట, ఆమె సూర్యాపేటల మా అమ్మకాడ. ఒకనాడు బియ్యం ఏరుకుంట అన్నది, "నేను పెండ్లి నిన్ను చేసుకున్ననా, మీ అమ్మను చేసుకున్ననా?" "అయితే నాతోని రా, ఉరికే ఇంట్లనే సంసారం చేద్దాం" అన్న.

రెండు దిక్కుల పెద్దోళ్లు లొల్లి పెట్టిండ్రు. ఆడపిల్ల చెట్లకింద పండుకునుడేంది, జడుసుకుంటే ఎవరు జవాబు చెప్తరని మా అత్త మిర్యాలగూడకెళ్లి కబురు పంపింది. ఆఖరికి సుగుణే ఒక షరతు పెట్టింది. సూర్యాపేట నుంచి కోదాడ మీదికెళ్లి మిర్యాలగూడ దాంక ఒక్క ఫేరి ఏసి సూద్దాం. తొవ్వల ఎవరు భయపడితే వాళ్లు మిర్యాలగూడల మా అమ్మగారింట్ల ఆగిపోవాలె, రెండోవాళ్లు బండ్ల ఉండాలె అన్నది. నేను సరే అన్న. భయపడేది ఎవరో నాకు తెల్సు అనుకున్న. ఆమె జడవకుంట మిర్యాలగూడ చేరితే సాలు, ఇగ ఎప్పటికీ నాతోనే ఉంటదని నా ఆశ. దేవునికి మొక్కు సుత మొక్కిన. అందుకే తొవ్వ పొడుగున ఒకటే మాట జెప్పుకుంట వచ్చిన, "భయమెందుకు, నేను లేనా."

నిజం చెప్తున్న, బండ్ల సంసారం ఆమెకు రెండు దినాల్ల పట్టువడ్డది. బండి కదిలేముందు గిన్నెల మూతలకు తాడు గట్టుడు, తడిసిన చీరను ఈ కిటికీకెళ్లి ఆ కిటికీకి ఆరేసుడు, గుంత వస్తదంటే పీపాను కాలుతోని అదుముకునుడు, అన్నీ నేర్సింది. నేను మాత్రం రోజూ లేవంగనే కప్పుకు నెత్తి కొట్టుకున్న.

కోదాడ శివారుల ఒక మామిడి తోటల బండి ఆపుకున్నం. మొదటి దినం ఊరంత మా సుట్టే. ఇంట్ల పొయ్యెక్కడ, పక్కెక్కడ అని ఆడోళ్లు తొంగి తొంగి సూసిండ్రు. రెండో దినం ఒక్క పురుగు రాలె. దూరంగ గట్టు మీద నలుగురైదుగురు ఆడోళ్లు నిలబడి మా దిక్కే సూస్తున్నరు. మాట లేదు, నవ్వు లేదు. సుగుణ చెయ్యి ఊపితే తలకాయలు దించుకొని పోయిండ్రు.

అంగట్ల దర్జీ యాదగిరి దగ్గర మిషను ఇప్పుతున్న. ఆయనది కొంచెం బెజవాడ దిక్కు మాట. "ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అని అడిగిండు.

"రేపు పొద్దుగాల."

"ఎటు?"

"మిర్యాలగూడ."

"మూసి దాటుతారా?"

"దాటకుంటె ఎట్ల పోత? దాటుత."

ఆయన మొకం ఇప్పారింది. లేసి బయటికి పోయి ఎవరికో ఏందో చెప్పి వచ్చిండు. నేను వాపసు పోయేసరికి మా పీపా నిండ నీళ్లు, మెట్ల మీద చెంబెడు పాలు. ఇచ్చినోళ్లెవరో కనవడలె. "సూసినవా, మర్యాద తెల్సిన ఊరు" అన్న సుగుణతోని. ఆమె పాల దిక్కు సూసి, "ఇచ్చేటోళ్లు మొకం సూపెట్టి ఇస్తరు గదా" అన్నది.

తెల్లారి లేసి తలుపు తీస్తే బండి సుట్టు గుండ్రంగ నీళ్లు సల్లి ఉన్నయి. ఎనుక చక్రాలకు పసుపు. మట్టిల శానమంది అడుగులు, అన్నీ చెప్పుల్లేని అడుగులు. లోపట పండుకున్న మాకిద్దరికి ఒక్క సప్పుడు ఇనవడలె. సుగుణ చీర కొంగు గట్టిగ పట్టుకున్నది. నేను నవ్విన. "మోటరుకు పూజ చేసిండ్రు పిచ్చిదానా. భయమెందుకు, నేను లేనా."

బండి స్టార్టు చేసినంక ఒక ముసలామె తోట దర్వాజకాడ మోకాళ్ల మీద కూసొని దండం పెట్టింది. మా మొకాలకు కాదు. మేము ఆమెను దాటి పోయినంక, బండి ఎనుకకు. "సల్లంగ పో తల్లీ, మల్లి సూడకు" అన్నది.

"నన్నెందుకు తల్లీ అన్నది? నా దిక్కు సూడనే లేదు గదా" అని సుగుణ అడిగింది. నేను గేరు మార్సిన.

హుజూర్‌నగర్ దాటినంక మొదలైంది. బండి మెల్లగైతే సాలు, ఎనుకకెళ్లి గాజుల సప్పుడు. గల గల, గల గల. ఎవరో ఆడామె చేతులు ఆడించినట్టు. సుగుణ గాజులే అనుకున్న. ఆమె రెండు చేతులు పైకెత్తి సూపెట్టింది, కదలకుంట. సప్పుడు వస్తనే ఉన్నది. "నావి కావు" అన్నది సన్నగ.

బండి ఆపిన. సప్పుడు ఆగింది. ఎనుకకు పోయి తలుపు తీసి సూసిన. బల్ల, స్టవ్వు, పీపా, తాడు గట్టిన గిన్నెలు. ఎవరూ లేరు. కాని యాపాకు వాసన, ఊదు పొగ వాసన. మేము ఊదు ఎయ్యలె. ఎండ మండిపోతున్నది, నా ఈపు మీద సల్లటి చెమట. "గిన్నెలే" అన్న పైకి. సుగుణ సీట్ల నా దిక్కు జర జరిగి కూసున్నది.

నేరేడుచర్ల దగ్గర తొవ్వ పక్కన ఒక బాయి ఉంటే నీళ్లకు ఆగినం. గట్టు కింద కూసొని బోళ్లు తోముతున్న ఒక ఆడామె మా బండి దిక్కు సూసింది. అట్లనే కిందికి వంగి సూసింది. తోమేది ఆపింది. బిందె ఆడనే ఇడిసి లేసింది. పోతపోత, మా దిక్కు మొకం తిప్పకుంటనే అన్నది, "ఎనుకాల కూసున్నామెను మా ఊర్ల దించకుండ్రి."

సుగుణ ముందు సీట్ల నా పక్కకే ఉన్నది. ఎనుకాల ఎవరున్నరు?

నీళ్లు గీళ్లు తీసుకోలె. బండి తోలిన. భయమెందుకు అనే మాట నోటికొచ్చింది గాని, నేను లేనా అనేది రాలె.

మూసికి వచ్చినం. ఎండకాలం గదా, మోకాలిలోతు నీళ్లే. నడుమల పోయేసరికి ఇంజన్ల నీళ్లు పోయి బండి బందయింది. అంతట సప్పుడు లేదు. ఒడ్డున మనిషి లేడు, మేక లేదు. బండి కదుల్తలేదు.

గల గల.

బండి ఆగినంక సుత గాజులు మోగుతున్నయి. సరిగ్గ మా సీటు ఎనుకాల, అడుగుకెళ్లి. నేను కిందికి సూసిన. బండి కిందికెళ్లి ఎర్రటి నీళ్లు పారుతున్నయి.

ఇగ నాకు తెలివి లేదు. తలుపు ఎట్ల తీసిన్నో, నీళ్లల్ల ఎట్ల దుంకిన్నో తెల్వదు. హనుమంతుణ్ణి తలుసుకుంట ఉరికి ఉరికి అవుతలి ఒడ్డు ఎక్కి, తాడిచెట్టును కావలించుకున్న. అప్పుడు యాదికొచ్చింది, నాకు పెండ్లాం ఉన్నదని.

"ఇగో," సుగుణ పిలుస్తున్నది, "బ్రేకన్న ఎయ్యలె నువ్వు."

ఆమె చీర మోకాళ్ల మీదికి దోపుకొని నీళ్లల్ల దిగింది. "వద్దు, వద్దు" అని ఒడ్డు మీదికెళ్లి నేను చేతులు ఊపుతున్న. ఆమె వంగి బండి కింద చెయ్యి పెట్టింది. నేను కండ్లు మూసుకున్న. తెరిసి సూసేసరికి ఆమె చేతుల ఒక చాట. చాటల కొత్త కుండ, ఎర్ర రయికె బట్ట, నిమ్మకాయలు, యాపకొమ్మలు, దారానికి గుచ్చిన డజను పచ్చ గాజులు. కుంకుమ నీళ్లకు కరిగి కారుతున్నది. కొత్త కొబ్బరి తాడుతోని ఎనుక ఇరుసుకు కట్టిండ్రంట, సరిగ్గ మా సీటు ఎనుకాల. పారే నీళ్లు తాకి గాజులు మోగినయి.

సుగుణకు సూడంగనే సమజైంది. కోదాడ శివారుల ఇండ్లల్ల పిల్లలకు అమ్మవారు పోసింది. పోస్తే చాటల ఇవన్ని పెట్టి, ఊదేసి, మొక్కి, తల్లిని ఊరి పొలిమేర దాటిస్తరు. అది మనకందరికి తెల్సిందే. అయితే పక్కూరోళ్లు ఊకుంటరా, వాళ్లు మల్ల ఇటు దాటిస్తరు. మూసి దాటితే తల్లి మల్లి రాదంటరు. ఎడ్లబండ్ల అంత దూరం ఎవరు తీస్కపోతరు? దేవుడు పంపినట్టు ఒక ఇల్లే చక్రాల మీద వచ్చె, మూసి దాటుతనని దాని యజమాని బజార్ల చెప్పుకుంట తిరిగె. ఆ పాలు, ఆ నీళ్లు, ఆ దండం, ఒక్కటీ నాకు కాదు. తల్లికి పెట్టిన సద్ది అది. పాలు మాత్రం నేనే తాగిన.

నాకు కోపమొచ్చింది. "మల్ల పోయి అడుగుత వాళ్లను" అని ఒడ్డు మీదికెళ్లే అరిసిన.

"ఏమని అడుగుతవ్? పిల్లల తల్లులు, ఎంత ఏడ్సిండ్రో పాపం" అన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. చాటను నీళ్ల మీద పెట్టి, రెండు చేతులు జోడించి, "పిల్లల్ని సల్లంగ సూడు తల్లీ" అని మెల్లగ ఇడిసింది. అది తిరుక్కుంట తిరుక్కుంట పోయింది. నేను సుత దండం పెట్టిన, తాడిచెట్టు ఇడువకుంటనే.

అప్పుడు అడిగింది. "నువ్వాడ ఏం చేస్తున్నవ్?"

"మనుషులను పిల్సుకొద్దామని వచ్చిన."

"ఉన్నరా?"

"లేరు."

స్టీరింగు ఆమె పట్టుకున్నది, నేను ఎనుకకెళ్లి నూకిన. ప్లగ్గులు తుడిసి ఎండవెట్టేసరికి పొద్దు వాలింది. మిర్యాలగూడ చేరేసరికి దీపాలు పెట్టిండ్రు.

మా అత్త దర్వాజల నిలబడి ఉన్నది. ఏడ్సుడుకు తయ్యారుగ ఉన్న మొకం. "ఏం బిడ్డా, తొవ్వల భయపడ్డవా?"

"నేనైతే భయపడలె అమ్మా" అన్నది సుగుణ.

అంతే అన్నది. మా అత్త నా దిక్కు సూసింది. నా ధోతికి నడుము దాంక మూసి బురద ఉన్నది, ఛాతి నిండ తాడిచెట్టు బెరడు గీసుకపోయిన గాట్లు. ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. నవ్వు ఆపుకొని, "లోపటికి రా అల్లుడా, మంచం ఏస్త" అన్నది.

షరతు షరతే. ఇయ్యాల్టికి మూడు దినాలు. సుగుణ ఇంటిముందర బండ్ల ఉంటున్నది, ఊరి ఆడోళ్లు వరుస పెట్టి సూసిపోతున్నరు. నేను అత్తగారింట్ల మిరపకాయ బస్తాల నడుమ పండుకొని తుమ్ముతున్న. నిన్న మాపటీలి చీకటి పడ్డంక మనసు ఆగలె. పోయి బండి తలుపు కొట్టిన.

"ఎవరు?" అన్నది లోపటికెళ్లి.

"నేనే."

"ఒక్కనివే వచ్చినవా?"

"లే," అన్న, "మీ అమ్మ తోడొచ్చింది."