దోమల వేళ తెల్లత్తయ్య

"అత్తయ్యగారూ, తలుపు వేసెయ్యండి, దోమలొచ్చేస్తున్నాయి" అంది మా కోడలు ఇందాక, ఏలూరులో మా ఫ్లాట్‌లో. నా చెయ్యి గడియ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఫోన్లో ఎవరో పంపిన రికార్డింగు, అందులో తెల్లత్తయ్య పాడుతోంది. వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

తెల్లగా ఉంటుందని పిల్లలం అలా పిలిచేవాళ్ళం గానీ, తెల్లత్తయ్య మాకు చుట్టమేమీ కాదు. యూదుల ఆవిడ. యూరప్‌లో రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో చిన్నపిల్లగా ప్రాణాలు దక్కించుకుని, పెద్దయ్యాక ఒక్కచోట కుదురుగా ఉండలేక దేశాలు తిరిగి తిరిగి, కీర్తనలు నేర్చుకుంటానని తాడేపల్లిగూడెంలో మా నాన్నగారి దగ్గర తేలింది. నాన్నగారు సంగీతం మేష్టారు. ఆవిడ ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేది, చెప్పులు చేతికందేలా పెట్టుకుని. అమ్మ ఎన్నిసార్లు బయట పెట్టినా అవి మళ్ళీ లోపలికే వచ్చేవి. శ్రుతి చక్కగా పట్టేది గానీ, గొంతు పక్కనున్న నాకే వినబడేది కాదు. "గొంతు విప్పమ్మా, ఎవరూ కొట్టరు" అనేవారు నాన్నగారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పాడాలనే కదా అంత దూరం వచ్చింది!

మా వైపంతా కాలవలూ వరిచేలూ. దీపాల వేళకి వేపాకు పొగ వేసి తలుపులు బిగించకపోతే దోమలు మనుషుల్ని ఎత్తుకుపోతాయి. ఒకరోజు పాఠం సాగి పొద్దుపోయింది. అమ్మ అలవాటుగా పొగ వేసి గడియ పెట్టింది. అంతే, ఆవిడ గడియ లాగేసి, చెప్పులు కూడా మరిచిపోయి రోడ్డు మీదికి పరుగెత్తింది. కాలవగట్టు దగ్గర నాన్నగారూ నేనూ అందుకున్నాం. తనకొచ్చిన తెలుగులో చెప్పింది: "సైనికులు వస్తే అమ్మా నేనూ నేల కింద గదిలో. పైన తలుపు మూసేవారు. అమ్మ నా నోరు మూసేది. చప్పుడైతే చంపేస్తారు."

మర్నాటి నుంచి నాన్నగారు పాఠం వీధరుగు మీదికి మార్చేశారు. దోమలు మమ్మల్ని పీక్కుతిన్నాయి. నాన్నగారు తొడ మీద కొడుతుంటే అది తాళమో, దోమో తెలిసేది కాదు. అమ్మ గొణుగుతూనే విసనకర్ర తెచ్చి ఆవిడకే విసిరేది. ఒక సాయంత్రం ఏలూరు బస్సు హారన్ మోగించుకుంటూ వచ్చింది. నాన్నగారు ఎప్పటిలాగే పాట ఆపేశారు. ఆవిడ ఆపలేదు. బస్సు మోతని మించి గొంతెత్తింది.

ఎదురింటి మామ్మగారు బయటికొచ్చి, "ఏవండీ మేష్టారూ, ఎవరండీ ఆ పాడేది?" అన్నారు.

"మా అమ్మాయేనండీ" అన్నారు నాన్నగారు.

ఆ తర్వాత ఆవిడ ఎన్ని దేశాల్లో పాడిందో! ఈ రికార్డింగులోనూ వెనక తలుపు తెరిచే ఉన్నట్టుంది, బళ్ళ చప్పుడు వినబడుతోంది. కోడలితో "కాసేపు ఆగమ్మా" అన్నాను. నాన్నగారు లేరు, ఆ ఇల్లూ లేదు. ఏళ్ళన్నీ వెళ్ళిపోయాయి గానీ, ఆ సాయంత్రం మాత్రం ఇంకా అరుగు మీదే కూర్చుని ఉంది.