దొర చూపుకు పదిహేను మార్కులు

మనుషులకు మార్కులు వేయడం కెనడా వాళ్ళు కనిపెట్టారని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మా పల్నాట్లో ఆ విద్య నేను పుట్టక ముందు నుంచే ఉంది. కాకపోతే మావాళ్ళు కాగితం మీద వేయరు, కళ్ళతో వేస్తారు. ఎన్నొచ్చాయో మాత్రం చచ్చినా చెప్పరు.

మాది గురజాల దగ్గర ఊరు. మా పేట ఊరికి తూర్పున, రైలుకట్ట అవతల ఉండేది. రైలుకట్ట అవతల అని చెబితే చాలు, కులం వేరే చెప్పనక్కర్లేదు. మా వైపు కొత్త మనిషిని అడిగే మొదటి ప్రశ్న ఏ ఊరని, రెండోది ఊళ్ళో ఏ వైపని. మూడో ప్రశ్న అడిగిన వాళ్ళను నేను చూడలేదు. ఆ రెండింటితోనే వాళ్ళకు కావలసిన లెక్క తేలిపోయేది.

మా నాన్న పేటలో మిషన్ బడి పంతులు. నన్ను గుంటూరులో నర్సు ట్రైనింగ్ చేయించాడు. అది పూర్తయ్యాక నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో పనికి కుదిరాను. తెల్లచీర కట్టి, నెత్తిన తెల్లటోపీ పెట్టుకుంటే రైలుకట్ట కనపడదని కొన్నాళ్ళు సంబరపడ్డాను. ఒకసారి కాలి మీద పుండు కుళ్ళి, ఒళ్ళు కాలిపోతూ ఒక పెద్దామె వచ్చి చేరింది. ఆ పుండు రోజూ కడిగి కట్టుకట్టింది నేనే. జ్వరం ఉన్నన్నాళ్ళు నేను ఆమెకు బంగారుతల్లిని. జ్వరం తగ్గిన రోజు ఆమెకు నోరు లేచింది, ఏ ఊరమ్మా అని అడిగింది, తర్వాత ఏ వైపని అడిగింది. చెప్పాను. మాత్ర నా చేతిలోంచే తీసుకుంది గానీ మంచినీళ్ళు కోడల్ని పొయ్యమంది. మాత్రకు లేని మైల నీళ్ళకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ మహాతల్లికే తెలియాలి.

ఇక మా వాళ్ళు తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. నాకు పెళ్లిచూపులకని ముగ్గురు వచ్చారు. మొదటివాళ్ళు పిల్ల నలుపన్నారు. ఆ మాటన్న పెళ్లికొడుకును మా రోలు పక్కన నిలబెడితే రోలే ఒక పిసరు తెలుపు. రెండోవాళ్ళకు నైట్ డ్యూటీలు గిట్టలేదు. మూడోవాళ్ళు అచ్చంపేట నుంచి వచ్చారు. అబ్బాయి గుమాస్తా. ఎంతవరకు చదివావని నన్ను అడిగాడు. చెప్పి, మరి మీరు ఎంతవరకు చదివారని నేనూ అడిగాను. అది మర్యాదే అనుకున్నాను. వాళ్ళ నాన్న కండువా దులిపి భుజాన వేసుకుని, "పిల్లకి నోరుంది" అని లేచిపోయాడు. మా మేనత్త, అంటే నాన్న అక్క, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఆమె వారం రోజులు నన్ను తిట్టని తిట్టు లేదు. వాళ్ళడిగితే చెప్పాలి గానీ ఎదురు ప్రశ్నలేందని, చూసేది వాళ్ళా నువ్వా అని.

అరవైల చివర్లో ఒకరోజు మా ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి, కెనడా వాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు, మార్కులు వేసి మనుషుల్ని తీసుకుంటున్నారు, నర్సులు కావాలట అని చెప్పింది. నూటికి యాభై వస్తే అక్కడే స్థిరంగా ఉండిపోవచ్చు. ఆమె దగ్గరున్న కాగితంలోంచి ఒక్కొక్కటే చదివింది. చదువుకు ఇన్ని, వయసుకు ఇన్ని, పనికి ఇన్ని, పని తెలిసినందుకు ఇన్ని, భాషకు ఇన్ని. నేను చివరిదాకా విని, ఊళ్ళో ఏ వైపు అన్నదానికి ఎన్ని అని అడిగాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు, కాగితం మళ్ళీ మొదటినుంచి చూసి, అది లేదు అంది. నేను ఆ నిమిషమే కెనడా వెళ్ళిపోయాను. నా ఒళ్ళు అక్కడికి చేరడానికి మాత్రం ఇంకా చాలా అవస్థ పడింది.

ఇద్దరం కూర్చుని కూడితే యాభైకి కాస్త ఇవతల ఆగింది. మిగిలినవి ఒకే ఒక్క గడిలోంచి రావాలి. ఢిల్లీలో కెనడా ఆఫీసరు మనిషిని కూర్చోబెట్టి, మాట్లాడించి, చూసి, తనకు తోచినన్ని వేస్తాడు. ఎంత మెచ్చినా పదిహేనుకు మించి వేయడు. ఆదివారం ఇంటికెళ్ళి ఈ సంగతి చెప్పాను. నాన్న కళ్ళు మెరిశాయి. అత్త తమలపాకు నమలడం ఆపేసింది.

"దొర కూసోబెట్టి చూసి మార్కులేత్తాడా? అయితే అయ్యి పెళ్లిచూపులేగా. ఆ ముక్క ముందే చెప్పొద్దూ" అంది.

అప్పటినుంచి కెనడా వ్యవహారం అత్త చేతిలోకి వెళ్ళిపోయింది. సెలవు దొరికి నేను ఇంటికొస్తే చాలు, వాకిట్లో ఢిల్లీ ఆఫీసు వెలిసేది. పక్కింటి బాబాయి తన పెళ్లినాటి కోటు తొడుక్కుని స్టూలు మీద దొరై కూర్చునేవాడు. కోటు గుండీలు పట్టక ఊపిరి బిగబట్టేవాడు, దాంతో మొహం నిజంగానే దొరలాగా ఎర్రబడేది. నేను గడప దగ్గర ఆగి, చిన్న అడుగులతో వచ్చి, చాప మీద కూర్చుని, కాలి బొటనవేలు చూసుకోవాలి. పేట మొత్తం గోడల మీదినుంచి చూసి మార్కులు వేసేది.

"తలెత్తమాక. అడిగిన ఎంటనే జవాబు చెప్పమాక. నాయన పక్కనుంటాడు, ఆయన చెప్తాడు. తప్పదనుకుంటే పెద్దోళ్ళ ఇష్టం అను, అంతే" అనేది అత్త. ఆ ముక్కను నాన్న ఇంగ్లీషు చేసి నాచేత వల్లె వేయించాడు. యాజ్ మై ఎల్డర్స్ విష్, సర్.

ఆదివారం మిషన్ గుడిలో పాదిరి అయ్యగారు నా పేరు చెప్పి, ఈ బిడ్డకు యాభై మార్కులు దయచేయుము తండ్రీ అని ప్రార్థన చేశాడు. వెనకనుంచి ఎవరో, అడిగేదేదో అరవై అడగండయ్యా, అడగటానికేం పోయిందని సణిగారు. నాకు ఇదంతా వెర్రిబాగులతనమని తెలుసు. ఆసుపత్రిలో మగ డాక్టర్లతో కళ్ళలోకి చూసి మాట్లాడేదాన్ని నేను. అయినా అత్త చెప్పినట్లే ఎందుకు విన్నానంటే, నాకు భయమేసింది. తలెత్తినందుకు ఒక సంబంధం పోయింది. అదిపోతే పోయింది, పీడ వదిలింది. ఇది పోతే మాత్రం నాకు రైలుకట్ట దాటే దారి ఇంకొకటి లేదు.

గుంటూరు దాకా ఒక రైలు, బెజవాడకు ఒకటి, అక్కడినుంచి ఢిల్లీకి ఇంకొకటి. ఆడపిల్లను ఒక్కదాన్నే ఎట్లా పంపుతారని నాన్న వెంట వచ్చాడు. ఆఫీసు బయట అత్త ఇచ్చిన పౌడరు మొహానికి దట్టించాను. లోపలికి నన్నొక్కదాన్నే పిలిచారు. నాన్న "ఫాదర్, సర్" అంటూ నాకంటే ముందే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. దొర మంచివాడే, సరే కూర్చోనిమ్మన్నట్లు చెయ్యి ఊపాడు.

కెనడా ఎందుకు రావాలనుకుంటున్నావని నన్నడిగాడు. నేను బొటనవేలు చూసుకున్నాను. నాన్న లేచి నిలబడి, మా అమ్మాయి చాలా అణకువ గలది సర్ అని చెప్పాడు. అక్కడి చలికి ఎట్లా తట్టుకుంటావని అడిగాడు. మేం ఎక్కడ ఉండమంటే అక్కడ ఉంటుంది సర్ అని నాన్న. దొర ఈసారి నాన్నను ఆగమని, నా వైపు పూర్తిగా తిరిగి, రాత్రి వార్డులో నువ్వొక్కదానివే ఉన్నావు, రోగికి ప్రాణం మీదికొచ్చింది, డాక్టరు అందుబాటులో లేడు, ఏం చేస్తావు అన్నాడు.

అది నాకు జరిగిందే. పాముకాటు మనిషిని ఒకసారి తెల్లవార్లూ ఒంటిచేత్తో కాపాడుకొచ్చాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. నాన్న గొంతు సవరించాడు. నా నోట్లోంచి, "యాజ్ మై ఎల్డర్స్ విష్, సర్" అన్న ముక్క ఊడిపడింది.

దొర పెన్ను కింద పెట్టాడు. ఆ రాత్రి వార్డులో మీ పెద్దవాళ్ళు ఉంటారా అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే అది ఇంకా బాగా తగిలింది. తర్వాత నాన్నతో నెమ్మదిగా చెప్పాడు. కాగితాలన్నీ బాగున్నాయి, కానీ ఈ అమ్మాయి అక్కడ ఒంటరిగా బతకాలి, తనకు సొంత చొరవ ఉన్నట్లు నాకు కనపడలేదు, కావాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి అని. యాభై నిండలేదు.

నాగపూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను. అక్కడ నాన్న కమలాపళ్ళు కొని, ఒలిచి నా ఒళ్ళో పెట్టి, తను మాత్రం ఒక్క తొన కూడా తినకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక పేటంతా చావు పలకరింపుకు వచ్చినట్లు వచ్చింది. దొర ఏమన్నాడని అత్త అడిగింది. పిల్లకి చొరవ లేదన్నాడని నాన్న చెప్పాడు. అత్త మొహం ఒక్కసారిగా వెలిగింది. దొరంతటివాడు అన్నాడా, నోటితోనే అన్నాడా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని చుట్టాల ఊళ్ళకు బయల్దేరింది. నడికుడిలో చెప్పింది, మాచర్లలో చెప్పింది, ఆ కబురు అచ్చంపేట దాకా పాకింది. నేను దేంట్లో తప్పానో అదే మా వైపు ఫస్ట్ క్లాసయి కూర్చుంది. నాకు చొరవ లేదని ఢిల్లీ నుంచి పూచీకత్తు వచ్చింది, ఇంకేం కావాలి. కొద్దిరోజుల్లోనే ఆ అచ్చంపేట గుమాస్తా, వాళ్ళ నాన్న మళ్ళీ మా వాకిట్లో దిగారు.

మళ్ళీ అదే చాప, అదే బొటనవేలు. ఆ పెద్దమనిషి కాఫీ జుర్రుకుంటూ నాన్నతో అన్నాడు:

"ఆడపిల్లకి చొరవ లేదని దొరే చెప్పాడంట గదా పంతులుగారూ. ఆ ముక్క చాలు మాకు. మొన్న మేమే పొరపాటు పడ్డాం."

నాకు ఒళ్ళు మండింది. అంత మంట పుండు కడిగించుకుని నీళ్ళు వద్దన్న ఆ పెద్దామె మీద కూడా రాలేదు. తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాను.

"పొరపాటు పడ్డది దొర, మావా. మీరు మొన్న చూసిందే నిజం. నాకు నోరుంది" అన్నాను. చాప మీదినుంచి లేచి లోపలికి వెళ్ళిపోయాను.

వాళ్ళు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళారు. అత్త నెలరోజులు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టేది. నాన్న ఆ సాయంత్రం పెరట్లోకి వచ్చి, గొంతు సవరించుకుని, చెట్లకేసి చూస్తూ, "మళ్ళీ దరఖాస్తు పెట్టమ్మా. ఈసారి నువ్వొక్కదానివే పో" అన్నాడు. నాన్న నన్ను ఎన్నో తరగతులు పాస్ చేయించాడు గానీ అంత పెద్ద పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

రెండోసారి పౌడరు పూసుకోలేదు. అదే దొర ఉన్నాడు, ముందు నన్ను గుర్తుపట్టలేదు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పడం మొదలుపెట్టాను. పాముకాటు సంగతి మొత్తం చెప్పాను, మధ్యలో అడ్డొస్తే ఆగమన్నాను కూడా. చివర్లో మళ్ళీ కెనడా ఎందుకని అడిగాడు. మీ కాగితంలో అన్ని గడులున్నాయి, మా ఊళ్ళో ఏ వైపు పుట్టానో అడిగే గడి మాత్రం లేదు, అందుకని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. రైలుకట్ట సంగతి, మంచినీళ్ళ సంగతి విడమరిచి చెప్పాను. ఆయన చాలాసేపు ఏదో రాసుకున్నాడు. పదిహేనుకు ఎన్ని వేశాడో తెలియదు గానీ ఈసారి యాభై దాటింది.

చలికాలం మొదట్లో కెనడా చేరాను. ఆసుపత్రి మంచిదే, పని తెలిసిందే. మంచు గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను. తెలుగు మాట చెవిన పడక మాత్రం ఎండిపోయాను. అట్లాంటప్పుడు ఒకరోజు హాస్టలుకు ఫోను వచ్చింది. "ఏమ్మా, తెలుగమ్మాయివటగా" అని ఆడగొంతు. నేను ఫోను పట్టుకునే ఏడ్చేశాను. వాళ్ళాయన అక్కడి కాలేజీలో పాఠాలు చెబుతాడట, వాళ్ళది ఎడ్లపాడు వైపు ఊరట. ఆదివారం భోజనానికి రమ్మంది.

వెళ్ళాను. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, కొసరి కొసరి నెయ్యి. ఇండియా నుంచి సీసాలో తెచ్చుకున్న పచ్చడి అంతా నా కంచంలోకే వంచింది. ఆమె ప్రేమ అబద్ధమని నేను ఇప్పటికీ అనను. భోజనాలయ్యాక కాఫీ తెచ్చి నా పక్కనే కూర్చుంది.

"గురజాల దగ్గరా? అయితే చానా దగ్గరోళ్ళమేనమ్మా మనం. ఊళ్ళో ఏ వైపు మీది?"

పాత అలవాటు చొప్పున బొటనవేలికోసం కిందికి చూశాను. మందపాటి ఉన్ని మేజోళ్ళలో అది కనపడలేదు. తలెత్తాను.

"తూర్పు వైపండీ. రైలుకట్ట అవతల."

ఆమె నవ్వు చెదరలేదు, ఉన్నచోటే ఆగిపోయింది. కళ్ళు మాత్రం కూడికలో పడ్డాయి. వాళ్ళాయన పేపరు మొహానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. నేను తొందరపడకుండా కాఫీ చివరి చుక్క దాకా తాగి, కప్పు బల్ల మీద పెట్టి అడిగాను.

"ఎన్నొచ్చాయండీ?"