ఐదు చుక్కల పచ్చబొట్టు

ఆ రోజు నాకు ఏ నొప్పీ లేదు. ఐదో నెలలో మామూలు రక్తపరీక్ష చేయించుకుని, రిపోర్టు కోసం మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. నాకంటే ముందున్న ఇద్దరికీ కిటికీలోంచే కాగితం ఇచ్చి పంపేశారు. నన్ను మాత్రం డాక్టరు గది వైపు చూపించారు. 

డాక్టరమ్మ ఆంధ్ర నుంచి వచ్చినావిడ. "హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చిందమ్మా. హెపటైటిస్ బి. లివర్‌లో ఉండే వైరస్" అంది.

"నాకెట్ల వచ్చిందమ్మా?"

"చెప్పలేం. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ నుంచే వచ్చి ఉండొచ్చు. ఆ సంగతి వదిలెయ్. నీ బిడ్డకు పోకుండా చూడటమే ఇప్పుడు మన పని."

మాది ఆంధ్ర సరిహద్దు దాటాక వచ్చే కొంటా దగ్గర గొల్లపల్లి. మా ఆయన ముత్తయ్య గనిలో డంపర్ నడుపుతాడు. బచేలీకి దగ్గర్లో, గనివాళ్ల ఇళ్ల మధ్య మేమూ మా అత్తా ఉంటాం. మా ఆయనకు పరీక్షలో నెగెటివ్ వచ్చింది, టీకాలు వేశారు. మా అత్తకు మాత్రం నా కంచం వేరు, గ్లాసు వేరు. డాక్టరమ్మ పిలిచి, కంచంతో అంటదు, రక్తంతోనే అంటుందని చెప్పినా ఆమె నమ్మలేదు. "డాక్టర్లు సెప్తనే ఉంటరు. మన జాగర్త మనది" అంది. వారం తిరగకుండా ఈ సంగతి కాలనీ అంతా తెలిసిపోయింది. పక్కింటి పేరంటానికి వెళ్తే నాకొక్కదానికే కాగితం గ్లాసులో నీళ్లిచ్చారు. తాగకుండా వాళ్ల గుమ్మం మీదే పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి ఏడ్చాననుకోండి, అది వేరే సంగతి.

వైరల్ లోడ్ ఎక్కువ ఉందని ఏడో నెల నుంచి టెనోఫోవిర్ టాబ్లెట్ మొదలుపెట్టారు. కూతురు పుట్టింది. తుడిచి, పాలు పట్టించేలోపే రెండు తొడలకూ రెండు సూదులు వేశారు. ఒకటి వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్, రెండోది టీకా. ఆ పిల్ల ఏడుపుకు వార్డు దద్దరిల్లింది. ఆరు వారాలకు ఒకటి, పదికి ఒకటి, పద్నాలుగుకు ఒకటి, అంతా కలిపి ఐదు సూదులు.

నేను చిన్నప్పుడు పచ్చబొట్టు పొడిచేవాళ్లు ఊళ్లోకి వస్తే సూదికి భయపడి ధాన్యం గాదె వెనక దాక్కునేదాన్ని. మా అక్కచెల్లెళ్లలో ఖాళీ చేతులతో మిగిలింది నేనొక్కదాన్నే. నా కూతురు పుట్టి గంట కాకుండానే ఓర్చుకున్నదాన్ని నేను ఓర్చుకోలేనా అనిపించింది. బిడ్డ పేరున పచ్చబొట్టు వేయించుకుంటానని ఆ వార్డులోనే అనేశాను.

ఇంక సలహాలకు కొదవేముంది! మా ఆయన జగదల్‌పూర్‌లో మిషన్‌తో పొడిచే షాపుకు పోయి పిల్ల పేరు హిందీలో రాయించుకోమన్నాడు. అత్త నెమలి అంది. తర్వాత, నెమలి ఎందుకు, అసలే రోగిష్టిదానివి, ఏమీ వద్దంది. ఆ మాట నాకు బాగా తగిలింది.

కాన్పయిన మూడో నెలలో నా కళ్లు పచ్చబడ్డాయి. కాన్పు తర్వాత ఈ వైరస్ ఒక్కోసారి విజృంభిస్తుందని, టాబ్లెట్ మాత్రం ఆపొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనేం చేశాను? కామెర్లనగానే మా వైపు వాళ్లకు గుర్తొచ్చేది పసరు. కొంటా వెళ్లి మూడు పొద్దులు పసరు తాగాను. ముంజేతి మీద వాత పెట్టించుకున్నాను. ఉప్పు మానాలి, ఇంగ్లీషు మందు ముట్టకూడదు అన్నాడు పసరాయన. ముట్టలేదు. అత్త తీసుకెళ్లిందని ఆమె మీదికి తోయను, నా కాళ్లతో నేనే వెళ్లాను.

పది రోజులకు వాంతులతో లేవలేకపోయాను. లివర్ పరీక్ష, ఎల్‌ఎఫ్‌టీ చూసి డాక్టరమ్మ నా చెయ్యి తిప్పింది. వాత ఇంకా పచ్చిగానే ఉంది.

"టాబ్లెట్ ఎప్పుడు ఆపావు?"

"ఆపలేదమ్మా."

"ఒకటి దాటకూడని బిలిరుబిన్ పన్నెండు ఉంది. నాకు అబద్ధం చెప్పు, ఫర్లేదు. నీ లివర్‌కు ఎట్లా చెప్తావు?"

మూడు వారాలు వార్డులో ఉన్నాను. బిడ్డను చంకనేసుకుని పూటపూటా అత్తే అన్నం తెచ్చేది. నాకు ఎవరిమీద కోపమో తెలియదు, కోపం మాత్రం ఉండేది. చస్తే ఈ పిల్లకు నా గుర్తు ఏముంటుంది, ఒక కాగితం గ్లాసా? చావను అనుకున్నాను. ఒకరోజు నేను సగం వదిలేసిన అన్నం కంచం అత్త ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టింది. నేను చూస్తుంటే, "ఏందే అట్ల సూత్తవ్? ఆకలైతాంది" అంది. 

ఏడాది నిండాక పిల్లకు రక్తపరీక్ష చేశారు. ఆ రిపోర్టు ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ కూర్చోమని కూడా అనలేదు. "నెగెటివ్. యాంటీబాడీస్ కూడా బాగా ఉన్నాయి. దీనికి రాలేదు, ఇక రాదు" అంది. మా ఆయన కారిడార్‌లోనే పిల్లను ఎత్తి తిప్పాడు. నేను అప్పుడే తేల్చుకున్నాను. నెమలి వద్దు, పేరు వద్దు. ఐదు సూదులకు ఐదు చుక్కలు.

డాక్టరమ్మ నా ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే లెక్క ఐఎన్ఆర్ చూసి, "షాపుకెళ్లు, డిస్పోజబుల్ సూదులుంటాయి" అంది. మా వాళ్ల చేతి సూదితోనే కావాలన్నాను. ఆవిడ తల కొట్టుకుని, "అయితే కొత్త సూదులు, వేరే మసి, పొడిచే ఆమెకు గ్లౌజులు. నీ తర్వాత ఆ సూది ఇంకెవరి ఒంట్లోకీ పోకూడదు. ముందే చెప్పు" అంది.

చలికాలం సంతలో పచ్చబొట్లు పొడిచే బుద్రమ్మ దగ్గర నలుగురు ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. మూడు సూదులను దారంతో కట్టి, ఆకుదొప్పలో నూనె కలిపిన మసిలో ముంచి, ఒకరి తర్వాత ఒకరికి పొడుస్తోంది. అందరికీ అవే సూదులు, అదే దొప్ప. ఆ సూదులు వాళ్లమ్మ ఇచ్చినవట, గర్వంగా చెప్పుకుంటుంది. వరుసలో ఐదోదాన్ని నేను. నోరు మూసుకుని చెయ్యి చాపితే ఎవరికీ తెలియదు. నా వెనక ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. అందులో ఒకామె నిండు చూలాలు.

నిలబడి గట్టిగానే చెప్పాను. "నాకు హెపటైటిస్ బి ఉంది. రక్తంతో అంటుకుంటది. నేను ఆఖర్న పొడిపించుకుంటా. సూదులు, దొప్ప, మసి నావే తెచ్చుకున్నా."

ఇద్దరు లేచి వెళ్లిపోయారు. వెళ్లనీ. బుద్రమ్మ నన్ను కాదు, తన చేతిలోని సూదుల్ని చూసింది.

"రక్తంతో అంటుద్దా?"

"అంటుద్దమ్మా."

"మరి వీళ్లల్ల ఎవరికన్న ఉంటే?"

"అందుకే చెప్తున్నా. ఎవరికుందో మొహం చూస్తే తెల్వదు. నాకే తెల్వలే."

 ఆమె ఆ సూదుల్ని గుడ్డలో చుట్టి బొడ్డున దోపుకుంది. ఆ పూటకు ఇక ఎవరికీ పొడవనంది. అయినా నన్ను కూర్చోమంది. గ్లౌజులు తొడుగుతుంటే, "ఈ సంచులేందే నా చేతులకి" అని విసుక్కుంది. విసుక్కుంటూనే ఐదు చుక్కలూ పొడిచింది. నొప్పి? ప్రాణం పోయింది. నవ్వుతూనే ఉన్నాను. సూదుల్ని డబ్బాలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్లి ఇచ్చాను. వెళ్తుంటే ఆ చూలాలు నా వెంట పడింది. "అక్కా, ఆ పరీక్ష ఏడ చేస్తరు?"

ఇప్పుడు నా కూతురికి నాలుగేళ్లు. నేను రోజూ టాబ్లెట్ వేసుకుంటాను, ఆరు నెలలకోసారి పరీక్షకు వెళ్తాను, పేరంటాల్లో అందరికీ ఇచ్చే గ్లాసుల్లోనే నీళ్లు తాగుతాను. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కడుపుతో ఉన్నప్పుడు ఈ పరీక్ష చేశారో లేదో అడగండి. పాజిటివ్ వస్తే దాచకండి, పుట్టిన బిడ్డకు సూది ఆలస్యం కానివ్వకండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బుద్రమ్మ కూడా సిగ్గుపడటం లేదు. ఇప్పుడు సంతలో ఎవరు చెయ్యి చాపినా ఆమె ముందడిగేది ఒకటే.

"సూది తెచ్చుకున్నవా?"