పండని గోరింటాకు

నా బిడ్డ అరచేతి మీద ఎండిన గోరింటాకు పెచ్చులు రాలిపోయి, కింద చర్మం బయటపడిన క్షణంలో నాకు మొదటిసారి గుండె జారింది. ఆషాఢమాసం. కార్వేటినగరంలో మా బావగారి ఇల్లు. ముందురోజు సాయంత్రం మా తోడికోడలు ఆకు కోసి రుబ్బి, తన కూతురికీ నా కూతురికీ ఒకే గిన్నెలోంచి పెట్టింది. పొద్దున పెరట్లో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చేతులు కడిగాం. వాళ్ల పాప చేతిలో చందమామ ఎక్కడ ఆగిందో తెలియడం లేదు, అరచెయ్యంతా అంత ఎర్రగా ఉంది. నా బిడ్డ చేతిలో చందమామ తెల్లకాగితం మీద అతికించిన బొట్టుబిళ్లలా విడిగా కనిపించింది. దాని చుట్టూ చర్మం ఒలిచిన కోడిగుడ్డు రంగులో ఉంది.

మొదట వచ్చింది ఈర్ష్య. గోరింటాకులో కూడా ఈమె బిడ్డే గెలిచిందా అనుకున్నాను. భయం దాని వెనకే వచ్చింది. బిడ్డ వేలికొనను నొక్కి వదిలాను. రక్తం తిరిగి వస్తుందని చూస్తే, నొక్కక ముందు రంగుకూ నొక్కిన తర్వాత రంగుకూ తేడా కనిపించలేదు.

మెట్టు మీద కూర్చున్న మా అత్త, "నీ బిడ్డ తెల్లంగా ఉండాది గదమ్మా, అందుకే అట్ల అగుపిస్తాంది," అంది.

నన్ను సంతోషపెట్టడానికే అంది. ఏడాదిగా ఆ మాట ఎవరన్నా నాకు కడుపు నిండిపోయేది. ఆ పొద్దున మాత్రం బిడ్డ రెండో చెయ్యి కూడా తిప్పి చూశాను.

మా ఇద్దరి ఆడపిల్లలూ రెండేళ్ల కిందట ఒకే వేసవిలో పుట్టారు. నా బిడ్డ కొన్ని వారాలు పెద్దది. అయినా ముందు బోర్లాపడింది వాళ్ల పాప, ముందు పన్ను వచ్చింది వాళ్ల పాపకు, ముందు నడిచిందీ అదే. మేం తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటాం, మా ఆయన లాడ్జిలో లెక్కలు చూస్తాడు. నేను డిగ్రీ చదివాను. బిడ్డను ఎలా పెంచాలో ఫోన్‌లో గంటలకొద్దీ చూస్తాను. మా తోడికోడలు ఏమీ చూడదు. పాడి ఆవుల పని, మామిడితోట పని, మధ్యలో వంట. బిడ్డను తన పళ్లెం దగ్గర కూర్చోబెట్టుకుని, తాను తినే రాగి సంగటిలోంచే చిన్న ముద్ద చేసి, ఆకుకూర పప్పులో ముంచి నోట్లో పెడుతుంది. అంతే. ఆ బిడ్డ గేటెక్కి దూకుతుంది. నా ఒళ్లు మండేది.

నా కూతురు ముద్ద పెడితే ఉమ్మేసేది. పాలసీసా ఇస్తే మాత్రం రెండు చేతులా పట్టుకునేది. అందుకని పాలే పోశాను. లేవగానే పాలు, మధ్యాహ్నం పాలు, ఏడిస్తే పాలు. సంగటి పెడితే నల్లబడుతుందని మా వీధిలో ఒకావిడ అంటే, ఆ మాట నాకు బాగా నచ్చింది. చూస్తుండగానే బుగ్గలు వచ్చాయి. చామనచాయగా పుట్టిన పిల్ల తెల్లబడింది. గుడికి తీసుకెళ్తే ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా బుగ్గ గిల్లి పోయేవాళ్లు. నేను ఫోటోలు తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, మా తోడికోడలు చూసిందా లేదా అని పదేపదే చూసుకునేదాన్ని.

ఒకసారి ఆమే ఫోన్ చేసింది.

"ఏం పెడతా ఉండావు మే బిడ్డకి? పాలకోవా మాదిరి అయిపాయనే!"

"ఏం లేదక్కా, పాలే," అన్నాను. ఆ రోజంతా ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరిగాను.

అదే బిడ్డ గోడ సున్నం గోటితో గీకి తినేది. ఆటలనుకున్నాను. ఆటో ఎక్కితే చాలు నిద్రపోయేది. మెట్లెక్కమంటే ఎత్తుకోమని చేతులు చాపేది. నెమ్మదస్తురాలు, గేట్లెక్కే రకం కాదు అని నలుగురిలో గొప్పగా చెప్పాను. పెరట్లో ఆ తెల్లటి చేతిని పట్టుకుని నిలబడినప్పుడు ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి తిరుపతి వచ్చేశాను. పిల్లల డాక్టరమ్మ నా బిడ్డ కింది రెప్పను వేలితో లాగి చూసి, నాలుక చూసి, అరచేతులు తిప్పి చూసింది.

"ఏం తింటుంది?"

"పాలు తాగుతుంది మేడం."

"పాలు కాక?"

నేను బిస్కెట్ అన్నాను. ఆవిడ కాగితం ముందుకు లాక్కుంది. రక్తపరీక్ష రాసింది. రిపోర్టు వచ్చాక నెమ్మదిగానే చెప్పింది. రక్తం బాగా తగ్గిపోయింది, ఒంట్లో ఇనుము లేదు. పాలతో కడుపు నిండిపోతే పిల్లకు ఆకలి వేయదు, పాలల్లో ఇనుము దాదాపు ఉండదు. "మీరు తెలుపు అనుకుంటున్నది రక్తం లేక పాలిపోవడం అమ్మా," అంది. ఇంకా ఆలస్యమైతే గుండె మీద భారం పడుతుందట, ఎదుగుదల, బుద్ధి కూడా వెనకబడతాయట. చుక్కల మందు రాసి, అది పాలతో ఇవ్వొద్దంది. సీసా మానేసి, పాలు గ్లాసుతో కొంచెమే పోయమంది. సంగటి, ఆకుకూర, పప్పు, గుడ్డు, మీద కాస్త నిమ్మరసం. "మందు ఒక్కటే చాలదు, తినాలి. తినకపోతే రక్తం ఎక్కించాల్సి రావచ్చు."

తర్వాత నా పొట్ట వైపు చూసింది. నాకు అయిదో నెల. "మీ మాత్రలు వేసుకుంటున్నారా?"

వేసుకుంటున్నానన్నాను. కాఫీతో వేసుకుంటున్నాననీ, అది కూడా గుర్తొచ్చిన రోజే అనీ అడిగాక చెప్పాను. కాఫీ తాగితే మాత్రలో ఇనుము ఒంటికి పట్టదని అప్పుడు తెలిసింది. నా రెప్ప కూడా లాగి చూసింది.

ఇంటికొచ్చి సీసాలు బయట పారేశాను. బిడ్డ ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంది. సంగటి చేశాను, ఉండలు కట్టింది. పప్పన్నం పెట్టాను, పెదాలు బిగించింది. గుడ్డు పెట్టాను, నా చీర మీద ఉమ్మింది. మర్నాడూ అంతే. చుక్కల మందు మాత్రం ముక్కు మూసి పోశాను. రక్తం ఎక్కించాల్సి వస్తుందన్న మాట చెవిలో నుంచి పోలేదు. లోకంలో నా బిడ్డ ఎవరి చేతి ముద్దయినా మింగిందంటే అది ఒక్కరి చేతిదే, మా తోడికోడలిది. ఊరికి వెళ్లినప్పుడల్లా పెద్దమ్మ పళ్లెం దగ్గరికి పాక్కుంటూ వెళ్లేది. నేనే వెనక్కి ఎత్తుకొచ్చేదాన్ని.

ఫోన్ తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆమె మర్నాడు మొదటి బస్సుకే దిగింది. చంకలో కూతురు, చేతిలో రాగిపిండి సంచీ, తోటకూర కట్టలు. చెప్పులు విడుస్తూనే, "యాడమ్మే నా కోవాబిళ్ల?" అంది. పొయ్యి దగ్గరికి పోయి నేను చేసిన సంగటి చూసి పకపకా నవ్వింది. "ఇది సంగటా మే, గోలీలా? దీంతో పిల్లోళ్లు ఆడుకోవచ్చు!"

తానే కెలికింది. నేలమీద కూర్చుని ఇద్దరినీ చెరొక వైపు పెట్టుకుంది. ఒకటే పళ్లెం. "దీనికొకటి, దానికొకటి. ఎవురు ముందు మింగితే వాళ్లకే ఊరిబిండి," అని శనక్కాయల పచ్చడి వేలితో చూపించింది. వాళ్ల పాప గుటుక్కున మింగింది. నా కూతురు దాన్ని చూసింది. నోరు తెరిచింది. మింగింది.

నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. బిడ్డ తినాలని రెండు రోజులుగా ప్రతి దేవుడికీ మొక్కుకున్నాను. తింటుంటే ఆ చెయ్యి నాది కాదని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో ముద్దకు నా కూతురు ఆమె మోకాలు పట్టుకుని ఊపింది. నన్ను ఎప్పుడూ అలా అడగలేదు.

పిల్లలు పడుకున్నాక, "నీకు ఎట్ల తెలిసిందక్కా, సంగటే పెట్టాలని?" అని అడిగాను. ఆ గొంతులో ఈర్ష్య ఉందని ఆమెకు తెలిసిపోయే ఉంటుంది.

"నాకేం తెలుసు మే! నా బిడ్డకి పాలు పడవు. తాగిస్తే కక్కుతాది. నీ ఫోటోలు సూసి సూసి నేను కుళ్లిపోయినాను. శనగపిండి రుద్దినాను, కుంకుమపువ్వు తెప్పించినాను, కొట్టి కూడా పాలు పోసినాను. నా మొహాన కక్కింది. అది తాగుంటే నేనూ పోసుండేదాన్నే."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వు ఆగాక చూసుకుంటే నా కడుపులో మంట ఇంకా అక్కడే ఉంది. ఆమెకు నాకన్నా ఎక్కువేమీ తెలియదు, పాలు కక్కే బిడ్డ పుట్టింది, అంతే. తెలివైతే నేర్చుకోవచ్చు. అదృష్టాన్ని ఏం చేయాలి?

వారం ఉండి, నాకు సంగటి కెలకడం నేర్పించి, నిన్న సాయంత్రం ఊరికి వెళ్లిపోయింది. ఈ రాత్రి బిడ్డ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. అరచెయ్యి ఇంకా తెల్లగానే ఉంది. నెలలు పడుతుందని డాక్టరు ముందే చెప్పింది. గోరింటాకు చందమామ మాత్రం సగం చెరిగింది.

ఈ పొద్దున పెద్దమ్మ లేని పళ్లెం ముందు నా కూతురు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నేను నిమ్మకాయ నీళ్లతో నా మాత్ర మింగాను. పొట్ట మీద చెయ్యి వేసి లోపలి బిడ్డకు చెప్పాను: "నిన్ను తెల్లంగా పుట్టమని ఎవురూ అడగలేదు. నెత్తురుతో పుట్టు, సాలు."

తర్వాత ముద్ద చేసి పెద్దదాని ముందు పట్టాను. "పెద్దమ్మ ఊరికి పోయినాది. ఆమె చేతి ముద్ద బాగుంటాదని నాకూ తెలుసు, నేనూ తిన్నాను. మాపటికి గ్లాసులో పాలిస్తా. ఇప్పుడు మాత్రం ఈడ నేనే ఉండాను. నా చేత ఒక్కటి తిను."