లింబయ్య వేసిన పోగులు

బోధన్ పక్కన ఆ ఊళ్లో నాలుగిళ్లవాళ్లు కలిసి మేకను కోసుకుంటే మాంసాన్ని వాటాలుగా పోగులు వేసేది లింబయ్యే. మోదుగాకులు పరిచి, ప్రతి పోగులో ఇంత మెత్తది, ఇంత బొక్క, ఇంత కార్జం పడేలా చూస్తాడు. అందరూ ఎత్తుకున్నాక మిగిలిందే ఆయనది. అది ఆయన పెట్టుకున్న కట్టడి.

దసరాకు ముందు, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మందుల దుకాణం నడుపుతున్న తమ్ముడి కొడుకు శ్రీధర్ ఊరి వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టాడు. కింద రాసినదాన్ని లింబయ్య భార్య విమలమ్మ కూడబలుక్కుని చదివింది.

"పోగులల్ల సింహభాగం మా పెద్దబాపుదే."

"సింహభాగమంటే?"

"పెద్ద వాటా అన్నట్టు."

లింబయ్య లేచి నిలబడ్డాడు. "లింబాద్రి నర్సింహస్వామి పేరు పెట్టుకున్నందుకు నన్ను సింహమంటుండా? నేనెన్నడన్న ముక్క ఎక్కువ దీస్కున్ననా?"

"శ్రీధర్‌కు ఫోన్ జేసి అడుగరాదు?"

"ఏమని అడుగుదు? నేను దొంగనా అనా?"

మర్నాడు హోటల్ ముందు ఎవరో "సింహమొచ్చింది!" అన్నారు. అందరూ నవ్వారు. చాయ్ తాగకుండానే తిరిగొచ్చాడు.

దసరా పొద్దున మేకను కోశారని తెలిసింది. ఈసారి పిలుస్తారా? చేతులు కడుక్కున్నాడు. వాకిట్లో తిరిగాడు. మళ్లీ కడుక్కున్నాడు. చివరికి పక్కింటి హన్మవ్వ కేకేసింది. "ఓ లింబయ్యా! కూరంత ఈగలపాలైతుంది, రావయ్యా!"

వెళ్లాడు. అందరికీ పోగులు వేశాడు. తన కోసం ఓ మూలకు రెండు బొక్కలు, కాస్త కొవ్వు వేసుకున్నాడు.

"గిదేంది, గీ పోగు పిల్లికేసినవా?" అంది హన్మవ్వ.

"సింహభాగం తింటున్ననని రాసిండ్రు గదక్కా."

పండక్కొచ్చిన శ్రీధర్ బిత్తరపోయాడు. "అయ్యో పెద్దబాపూ! నేనన్నది పని గురించి! పనంత నీ మీదనే పడుతదని రాసిన."

"గా ముక్కనే సక్కగ రాస్తే నీ ఫోన్ పగులుతుండెనారా?" హన్మవ్వ కసిరింది. అందరూ నవ్వారు. లింబయ్య నవ్వలేదు.

"పోగులన్ని కలుపుండ్రి. మళ్ల ఏస్త."

మళ్లీ వేశాడు. ఒక్కొక్కరే ఎత్తుకుంటుంటే, మిగిలేది ఎక్కడ పెద్దదవుతుందోనని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. చివరి పోగును ఆకులో చుట్టుకుని ఇంటిదారి పట్టాడు.

మూల మలుపులో ఆగాడు. అటూ ఇటూ చూసి, ఆకు విప్పి, మరీ ఎక్కువేం లేదు గదా అని మరోసారి చూసుకున్నాడు.